కొండెక్కే ముందే ఎంత దూరమో చెప్పండి

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖలో కొండ పార్కుల అభివృద్ధి అనగానే అద్దాల వంతెనలు, సెల్ఫీ పాయింట్లు గుర్తొస్తాయి అందరికీ. నేను అడిగేది చాలా చవకైనది. టికెట్ ఇచ్చే చోట ఒక బోర్డు, దారి చీలిన ప్రతిచోటా ఇంకొకటి.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఊరికి దగ్గర్లోని ఒక కొండ పార్కుకు వెళ్ళాం. పేరు రాయను. రాస్తే గేటు దగ్గరి చిరుద్యోగి మీద పడతారు, అంతే. పులిహోర, పెరుగన్నం సర్దుకుని "పైదాకా ఎంత దూరమండీ?" అని అడిగితే, "ఎంతో లేదమ్మా, ఇక్కడే" అన్నాడాయన. సగం ఎక్కాక దారి రెండుగా చీలింది. అక్కడున్న బోర్డు తుప్పు పట్టి అక్షరాలే లేవు. బాగా నడిచినట్టున్న దారి పట్టుకుంటే అది రాళ్ళ గుట్టలోకి తీసుకెళ్ళింది. దిగేటప్పుడు మా అత్తయ్య కాలు జారింది. మోకాలు గీరుకుపోవడంతో పోయింది కాబట్టి సరిపోయింది. ఫోన్లకి సిగ్నల్ లేదు, పొద్దు వాలుతోంది, పిల్లలతో సహా అందరికీ టెన్షన్. ఆవిడ మాత్రం మర్నాటికే "మళ్ళీ ఎప్పుడెళ్దాం?" అంటోంది. అందుకే ఈ లేఖ.

మన కొండల తీరు మీ అధికారులకి తెలియంది కాదు. ఇక్కడ ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. ఎండకీ వానకీ చివికి ఎర్రమట్టి, గులకగా రాలుతుంది. ఎక్కేటప్పుడు పట్టించుకోం, దిగేటప్పుడు చెప్పుల కింద జారుతుంది. దానికి తోడు సముద్రపు ఉక్క. చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. కాబట్టి కిలోమీటర్లు ఒక్కటే రాస్తే చాలదు. పిల్లలతో ఎక్కితే ఎంతసేపు పడుతుంది, మెట్లా రాళ్ళా, నీళ్ళు ఎక్కడిదాకా దొరుకుతాయి, ఎన్నింటికల్లా వెనక్కి తిరగాలి, ఆపదొస్తే ఏ నంబరుకి చేయాలి, ఇవన్నీ ఉండాలి. పెద్దవాళ్ళు ఎక్కడ ఆగితే మంచిదో చెట్ల మీద కాకుండా రాళ్ళ మీద రంగు గుర్తు వేయిస్తే, చదువు రానివాళ్ళకీ తెలుస్తుంది.

సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడుస్తారు జనం, ముసలివాళ్ళతో సహా. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టేటప్పటికే ఎంత నడవాలో అందరికీ తెలుసు. దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ ఇచ్చేవాళ్ళుంటారు. మన ఊరికి చేతకాని పనేం కాదిది.

కంబాలకొండ 2002లో అభయారణ్యమైంది. 70 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి, చిరుతలున్న చోటు. అలాంటి చోట దారి స్పష్టంగా ఉంటే జనం పొదల్లోకి అడ్డదారులు తొక్కరు, జంతువులకీ అదే మేలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ కొండల మీద ఎన్ని చెట్లు కూల్చిందో మేం చూశాం. ఉన్నవాటిని కట్టడాల కోసం మళ్ళీ కొట్టొద్దని కూడా మనవి.

కార్తీకంలో వనభోజనాలకి జనం కొండల దారి పడతారు. ఆ లోపు బోర్డులు పెట్టించండి. రాసే ముందు మీ సిబ్బందిలో ఒకర్ని ఐదారేళ్ళ పిల్లతో, అరవై దాటిన మనిషితో కలిసి నడవమనండి. వాళ్ళకి పట్టిన టైమే రాయించండి.

ఇట్లు,
ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం