గోడ మీద పేరు

ఇండియానాపొలిస్

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం చేరి మూడు వారాలు దాటింది. వెంటనే జవాబు రాయకపోవడానికి నా బద్ధకం కొంత కారణమైతే, నువ్వు అడిగిన సంగతి రెండు ముక్కల్లో తేలేది కాకపోవడం అసలు కారణం. సంక్రాంతికి మన హైస్కూలు పూర్వ విద్యార్థులందరూ కలుస్తున్నారనీ, ఆ రోజున ఒకప్పటి ఆటగాళ్ళను సన్మానించాలని అనుకుంటున్నారనీ, అమెరికా బడుల్లో ఇలాంటివి పద్ధతిగా చేస్తారని విన్నావు కనుక ఆ పద్ధతేమిటో వివరంగా రాయమనీ అడిగావు. పోయిన శుక్రవారం రాత్రి మా అబ్బాయి చదివే హైస్కూల్లో సరిగ్గా అదే జరిగింది. కళ్ళారా చూసి వచ్చాను కనుక ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

దీన్ని ఇక్కడ ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అంటారు. మనవాళ్ళు ‘కీర్తి మందిరం’ అని పేరు పెడితే వినడానికి గంభీరంగా ఉంటుంది గాని, చాలా హైస్కూళ్ళలో అది మందిరమూ కాదు, హాలూ కాదు. జిమ్ములోకి వెళ్ళే నడవాలో ఒక గోడ, లేదా గోడకు బిగించిన అద్దాల బీరువా, అంతే. ఆ గోడకు వరసగా ఫలకాలు ఉంటాయి. ఒక్కొక్క ఫలకం మీద ఒక ఫోటో, పేరు, చదువు ముగించిన సంవత్సరం, ఆడిన ఆట, దాని కింద రెండు మూడు వరుసల్లో ఆ మనిషి సాధించినది ఉంటుంది. పక్కనే మంచినీళ్ళ కుళాయి, ఎదురుగా పిల్లల లాకర్లు. పిల్లలు రోజూ తోసుకుంటూ, అరుచుకుంటూ ఆ గోడ పక్కనుంచే పోతారు. వాళ్ళలో నూటికి తొంభై మంది దాన్ని తలెత్తి చూడరని మా అబ్బాయే చెప్పాడు. అయినా చూసే ఆ పదిమంది కోసం గోడ అక్కడ ఉండవలసిందేనని నా అభిప్రాయం.

శుక్రవారం నాటి కార్యక్రమం పట్టుమని పావుగంట కూడా సాగలేదు. జూనియర్ జట్టు బాస్కెట్‌బాల్ ఆట ముగిసి, పెద్ద జట్టు ఆట మొదలయ్యే ముందు, మైకులో మాట్లాడే ఆయన అందరినీ నిలబడమని కోరాడు. అయిదుగురు కోర్టు మధ్యకు నడిచి వచ్చారు. ఒకాయన చేతికర్రతో వచ్చాడు. యాభై ఏళ్ళ కిందట హైజంపు చేసినవాడట. ఒకామె ఈత పోటీల్లో గెలిచినది. ఒక ఫలకాన్ని చనిపోయిన ఆటగాడి కూతురు అందుకుంది. ఒక్కొక్కరి పేరూ, సంవత్సరమూ, ఆటా, లెక్కలూ చదివారు. ముఖ్య అతిథి లేడు, జ్యోతి ప్రజ్వలన లేదు, ‘సమయాభావం వల్ల’ అని మొదలుపెట్టి అరగంట సేపు మాట్లాడే పెద్దమనిషి లేడు. చివరికి హైజంపు ఆయన్ను రెండు మాటలు మాట్లాడమంటే, తన బడి రికార్డును ఆ తరువాత ఎవరు దాటారో ఆ పిల్లవాణ్ణి చూడాలని ఉందన్నాడు. ఆ పిల్లవాడు అక్కడే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సిగ్గుపడుతూ లేచి నిలబడ్డాడు. జిమ్ము మొత్తం చప్పట్లతో దద్దరిల్లింది, నాకు మాత్రం గొంతు పట్టుకుంది.

ఎంపిక సంగతి నీకు ముఖ్యం కనుక రాస్తున్నాను. చాలా బడుల్లో ఎవరైనా సరే ఒక పేరును ప్రతిపాదిస్తూ ఉత్తరం రాయవచ్చు. దానికి తోడుగా అప్పటి పత్రికల ముక్కలు గాని, స్కోరు పుస్తకాలు గాని, బడి వార్షిక సంచికలు గాని ఆధారంగా పెట్టాలి. రిటైరైన కోచ్‌లు, పాత ఉపాధ్యాయులు, బడి ఆటల వ్యవహారాలు చూసే అథ్లెటిక్ డైరెక్టరు కలిసి కూర్చుని తేలుస్తారు. చదువు ముగిసి అయిదేళ్ళో పదేళ్ళో గడిస్తే తప్ప పేరు పరిశీలనకే రాదు. నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇదే, ఎందుకంటే పద్దెనిమిదో ఏట మెరిసినవాడు ఇరవై ఎనిమిదో ఏట కూడా జనానికి గుర్తుంటే ఆ మెరుపులో ఏదో ఉన్నట్టే. ఆటగాళ్ళనే కాక కోచ్‌లనూ, కొన్నిచోట్ల మొత్తం జట్టునూ ఎక్కిస్తారు. బడులదే కాకుండా దేశం మొత్తానికీ ఒకటి ఉంది. రాష్ట్రాల హైస్కూలు క్రీడా సంఘాలన్నిటికీ పైనున్న జాతీయ సమాఖ్య ఈ ఊళ్ళోనే ఉంది. అది 1982 నుంచి హైస్కూలు స్థాయి ఆటగాళ్ళకూ, కోచ్‌లకూ, అంపైర్లకూ కూడా ఈ గౌరవం ఇస్తోంది. అంపైరుకు సన్మానం! మన ఊళ్ళో అంపైరుకు దక్కిన సన్మానం ఎలాంటిదో నీకు గుర్తుండే ఉంటుంది, చెరువుగట్టు దాకా పరిగెత్తించారు కదా.

మా ఊరు ఉన్న ఈ ఇండియానా రాష్ట్రంవాళ్ళకు హైస్కూలు బాస్కెట్‌బాల్ అంటే ఎంత పిచ్చో చెబితే తప్ప తరువాతి సంగతి నీకు అందదు. న్యూ కాసిల్ అనే చిన్న ఊళ్ళో ప్రపంచంలోనే అతి పెద్దదని పేరుపడ్డ హైస్కూలు జిమ్ము ఉంది; దాని పక్కనే 1990 నుంచి ఇండియానా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 1997 దాకా ఈ రాష్ట్రంలో చిన్న బడి, పెద్ద బడి అన్న తేడా లేకుండా అందరికీ ఒకే టోర్నమెంటు నడిచేది. 1954లో 161 మంది పిల్లలున్న మైలన్ అనే పల్లెటూరి బడి, మన్సీ సెంట్రల్ అనే పెద్ద బడిని చివరి క్షణాల్లో బాబీ ప్లంప్ అనే ఆటగాడు బుట్టలో వేసిన బంతితో 32-30 తేడాతో ఓడించింది. ఆ ఒక్క బుట్ట గురించి ఈనాటికీ చెప్పుకుంటారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో మంగలి షాపులో మొట్టమొదట నాకు వినిపించిన కథ అదే.

కానీ ఆ షాపులో ఎవరూ చెప్పని కథ ఇంకొకటి ఉంది. నీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు ప్రేరణ అదే. మరుసటి ఏడాది, అంటే 1955లో, రాష్ట్ర ఛాంపియన్‌షిప్పు గెలిచింది ఈ ఊరి క్రిస్పస్ అటక్స్ హైస్కూలు. నల్లజాతి పిల్లలను తక్కిన బడుల్లో కలవనివ్వకుండా విడిగా ఉంచడానికి 1927లో తెరిచిన బడి అది. 1942 దాకా రాష్ట్ర క్రీడా సంఘం వాళ్ళను టోర్నమెంటులోనే చేర్చుకోలేదు. సొంత జిమ్ము చాలనంత చిన్నది కనుక పెద్ద ఆటలన్నీ బట్లర్ విశ్వవిద్యాలయం ఫీల్డ్‌హౌస్‌లో ఆడుకోవలసి వచ్చేది. కోచ్ పేరు రే క్రో. జట్టులో ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే కుర్రవాడు ఉన్నాడు. ఫైనల్లో గ్యారీ రూజ్‌వెల్ట్ బడిని 97-74 తేడాతో ఓడించారు. ఇండియానాపొలిస్ నగరానికి అంతకుముందు ఒక్క బడి కూడా ఆ కప్పు తెచ్చిపెట్టలేదు. దేశంలోనే నల్లజాతి బడి ఒకటి అందరికీ తెరిచిన రాష్ట్ర పోటీలో గెలవడం అదే మొదలు.

గెలిచిన జట్టును ఫైరింజను ఎక్కించి ఊరి నడిబొడ్డున ఉన్న స్మారక స్తంభం చుట్టూ ఊరేగించి, అక్కడే సంబరం చేసుకోవడం ఆనవాయితీ. అటక్స్ పిల్లలను మాత్రం ఆ స్తంభం చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, నేరుగా నల్లవాళ్ళు ఉండే పేటలోని పార్కుకు పంపించేశారు. అక్కడ మంటలు వేసుకుని సంబరపడుతున్న జనం మధ్యనుంచి రాబర్ట్‌సన్ ముందుగానే లేచి వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఒక్క ఆట కూడా ఓడకుండా మళ్ళీ గెలిచారు. ఆ కుర్రవాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడాడు, 1971లో మిల్వాకీ బక్స్ జట్టుతో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఛాంపియన్ అయ్యాడు, దేశంలోని పెద్ద పెద్ద కీర్తి మందిరాలన్నీ అతనికి తలుపులు తెరిచాయి. కానీ ఆ రాత్రి ఆగిపోయిన ఊరేగింపు మాత్రం బాకీగానే ఉండిపోయింది. 2015లో, కారు పందేల పండుగ సందర్భంగా ఊరి నడిమధ్య జరిగే పెద్ద ఊరేగింపులో, ఆ జట్టులో మిగిలినవాళ్ళను అగ్రస్థానంలో నిలిపారు. అరవై ఏళ్ళకు! కొందరు అప్పటికే లేరు. ఆ బడి కూడా మధ్యలో 1986లో హైస్కూలు హోదా పోగొట్టుకుని, 2006లో తిరిగి హైస్కూలై, 2017లో మళ్ళీ రాష్ట్ర స్థాయి కప్పు గెలిచింది. ఆ బడి లోపల ఇప్పుడు ఒక మ్యూజియం ఉంది. నువ్వు వస్తే మొదట అక్కడికే తీసుకువెళతాను.

అమ్మాయిల సంగతి కూడా ఇలాంటిదే. ఈ రాష్ట్రంలో అబ్బాయిల టోర్నమెంటు 1911లో మొదలైతే, అమ్మాయిలది 1976లో గాని మొదలు కాలేదు. వార్సా అనే ఊరి బడి మొదటి కప్పు గెలిచింది. అందుకే మా బడి గోడ మీద ఎడమ వైపు పాత ఫలకాలన్నీ మగవాళ్ళవే. అంతకు ముందరి తరంలో ఆడగలిగిన ఆడపిల్లలు లేక కాదు, వాళ్ళు ఆడిన ఆటను ఎవరూ లెక్క రాయలేదు. లెక్క లేనివాళ్ళను కమిటీ ఎలా ఎంచుతుంది?

ఇప్పుడు మన బడికి వస్తాను. నువ్వు పంపిన జాబితాలో పదకొండు పేర్లున్నాయి. అందులో నలుగురు మనకు బాగా కావలసినవాళ్ళే అయినా, వాళ్ళు బడికి గేటు కట్టించారనో, మైకు సెట్టు కొనిచ్చారనో ఎక్కినవాళ్ళే తప్ప ఏ రోజూ బంతి ముట్టినవాళ్ళు కారు. వాళ్ళకు వేరే సన్మానం చెయ్యండి, రెండు శాలువాలు కప్పండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆటగాళ్ళ వరుసలో మాత్రం వద్దు. ఈ జబ్బు ఇక్కడ కూడా లేదనుకోకు, డబ్బున్నచోట అది ఉంటుంది. ఇక నీ జాబితాలో ఒక్క ఆడపిల్ల పేరు కూడా లేదేమిటి? మన కంటే రెండేళ్ళు ముందున్న బ్యాచిలో ఖో-ఖో జట్టు వరసగా జోనల్ గెలిచింది కదా. వంద మీటర్లలో మన మగపిల్లలను కూడా వెనక్కి నెట్టి, పదో తరగతి పరీక్షలు రాయకముందే పెళ్ళయి వెళ్ళిపోయిన అమ్మాయి నీకు గుర్తులేదా? శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన రోజున, టీవీ ముందు కూర్చుని మనమిద్దరం మాట్లాడుకున్నది ఆ అమ్మాయి గురించే. ఆమె ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో మీ అక్కయ్య గారికి తెలిసి ఉంటుంది, అడిగి చూడు.

శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ వద్దని నేను అనడం లేదు, మనవాళ్ళకు అవి లేకపోతే సభ జరిగినట్టే అనిపించదు. కానీ ఫ్లెక్సీ మరుసటి వారానికి ఎవరి గడ్డివామి మీదనో కప్పు అవుతుంది, శాలువా బీరువాలోకి పోతుంది. దానికి అయ్యే ఖర్చులో సగం పెట్టి, హెడ్మాస్టరు గది బయట వరండా గోడకు ఒక గ్రానైటు పలక పెట్టించు. పేరు, సంవత్సరం, ఆట, గెలిచినది ఇవి మాత్రమే చెక్కించు. ‘క్రీడారత్న’ లాంటి బిరుదులు వద్దు. కింద ఖాళీ స్థలం ఎక్కువగా వదిలిపెట్టు, ఇప్పుడు ఆరో తరగతి చదివేవాళ్ళకు కూడా చోటుండాలి. సభకు వచ్చే మంత్రిగారి పేరు పలక మీద ఎక్కకుండా చూడటం నీ వల్ల అవుతుందో కాదో నాకు అనుమానమే. ప్రయత్నించు.

మొదటి పేరు మన డ్రిల్లు మాస్టారు గారిదే కావాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. ఆయన జీతం డబ్బులతో కొన్న నెట్టు మీదే మనం ఆడాం. ఆయన పోయిన తరువాత ఆ ట్రంకుపెట్టె వాళ్ళ అబ్బాయి దగ్గర ఉందని నువ్వే ఒకసారి చెప్పావు. అందులో ఆయన ప్రతి ఆటకూ ఎర్రసిరాతో రాసుకున్న నోటు పుస్తకాలు ఉండాలి. సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేసేటప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి పోతాయి కనుక, ఈ ఉత్తరం అందిన వెంటనే వెళ్ళు. పలకకు అయ్యే డబ్బు నేను పంపుతాను, కానీ ఆ పుస్తకాలు చూడకుండా ఒక్క పేరు కూడా ఖాయం చెయ్యకు.

రెండో వరుసలో జిల్లా కప్పు గెలిచిన మన వాలీబాల్ జట్టు మొత్తాన్నీ ఎక్కించాలి. స్మాషర్లు ఇద్దరినే కాదు, ఆరుగురినీ, బెంచీ మీద కూర్చున్న ముగ్గురినీ కూడా. బంతి లేపి ఇచ్చిన బూస్టరు పేరు నీ జాబితాలో లేకపోవడం చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. వాడు ఇప్పుడు ఎరువుల కొట్లో గుమాస్తాగా ఉన్నాడని, పిలిస్తే రావడానికి మొహమాటపడతాడని రాశావు. నువ్వే స్వయంగా బండి మీద ఎక్కించుకుని రా. ఇంకొక మాట, ఫైనల్లో చివరి గేము 15-13 అని నాకు జ్ఞాపకం, నువ్వేమో ఎప్పుడూ 15-12 అంటావు. మాస్టారు గారి పుస్తకంలో ఏముందో చూసి, నాదే తప్పయినా సరే, అదే చెక్కించు.

నీ,
పాత బ్యాక్‌లైను ఆటగాడు