సోలు మీద ధర వేసిన గవర్నరు

సంపాదకుల వారికి,

వ్యాపారుల రాజకీయ ప్రవేశంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం, అమెరికాలోని మసాచుసెట్స్‌కు గవర్నరైన విలియం ఎల్. డగ్లస్ బూట్ల ప్రకటనల్లోని తన బొమ్మ పుణ్యమా అని గెలిచాడని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ముప్పయ్యేళ్లు చెప్పుల దుకాణం నడిపినవాడిగా, అది సగం నిజమేనని మనవి చేస్తున్నాను.

1845లో ఆ రాష్ట్రంలోని ప్లిమత్‌లో పుట్టిన డగ్లస్, తండ్రి పోవడంతో ఏడేళ్లకే బంధువు దగ్గర బూట్లకు చెక్కమేకులు కొట్టే పనికి కుదిరి, 1876లో 875 డాలర్ల అప్పుతో ఆ రాష్ట్రంలోనే ఉన్న బ్రాక్టన్‌లో బూట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆయన బూటు తిరగేస్తే సోలు మీద ఆయన ముఖంతో పాటు ధర కూడా కనిపించేది. ఫ్యాక్టరీలోనే అచ్చు పడ్డ ఆ ధరను దుకాణదారు పెంచి అమ్మే వీలుండేది కాదు. (మా బజారులో ఎమ్మార్పీ స్టిక్కరు మీద మరో స్టిక్కరు అంటించినవారిని ఎరుగుదును కనుక, ఆ ఏర్పాటు మాలాంటి వారికి ఎంత కంటగింపుగా ఉండేదో ఊహించగలను.)

అయితే 1904లో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ పార్టీకి చెందిన థియొడోర్ రూజ్‌వెల్టుకు ఓటేసిన రాష్ట్రమే, అదే రోజున గవర్నరుగా డెమోక్రాట్ డగ్లస్‌ను సుమారు 36 వేల ఆధిక్యంతో ఎన్నుకోవడం ఒక్క బొమ్మ వల్ల జరిగే పని కాదు. అంతకు చాలా ముందే ఆయన శాసనసభ్యుడిగా, బ్రాక్టన్ మేయరుగా పనిచేశాడు. యజమానులకూ కార్మికులకూ మధ్య తగవులు తీర్చే రాష్ట్ర మధ్యవర్తిత్వ మండలి 1886లో ఏర్పడడంలో ఆయన పాత్ర ఉంది. ఫ్యాక్టరీ యజమానే అలాంటి మండలి కోరడం కార్మికులు మరిచిపోయే విషయం కాదు.

గవర్నరుగా ఉన్నది మాత్రం ఒక్క ఏడాదే. మళ్లీ పోటీ చేయలేదు. ఆ ఏడాదిలో చెప్పుకోదగ్గ పని, వృత్తి విద్యపై 1905లో కమిషన్ వేయడం. పలక పట్టాల్సిన వయసులో సుత్తి పట్టినవాడికి ఆ ఆలోచన రావడంలో వింత లేదు. అదే ఏడాది మార్చి 20న బ్రాక్టన్‌లోనే గ్రోవర్ బూట్ల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి 58 మంది చనిపోయారు. బాయిలర్లకు కట్టుదిట్టమైన నియమాలు తెచ్చిన చట్టం 1907లో, ఆయన పదవి దిగిపోయాక గానీ రాలేదన్నది కూడా ఆ వ్యాసంలో చేరి ఉంటే బాగుండేది.

ఇట్లు,
ఒక విశ్రాంత చెప్పుల వ్యాపారి,
వరంగల్