హాలేలో అచ్చయిన తెలుగు

లైప్‌జిగ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లల పరీక్షలు అయిపోయాయా? ఈ సంగతి ఫోన్లో చెబుదామనుకున్నా గానీ, మధ్యలో నీకు ఎవరో ఒకరు అడ్డొస్తారు. అందుకే రాస్తున్నా. భోజనాలయ్యాక తీరిగ్గా చదువు.

నిన్న ఇక్కడ జర్మనీలోనే ఉన్న హాలే అనే ఊరికి వెళ్ళొచ్చాను. ఇక్కడి నుంచి లోకల్ రైల్లో ఎంతోసేపు పట్టదు. 1698లో ఔగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టరు అనాథ పిల్లల కోసం కట్టడం మొదలుపెట్టిన భవనాలు అక్కడ ఇంకా నిలబడి ఉన్నాయి. పాత అనాథాశ్రమం అటక మీద వింత వస్తువుల గది ఒకటి ఉంది. పైనుంచి పెద్ద మొసలి వేలాడుతూ ఉంటుంది. చుట్టూ అల్మరాలు, వాటిలో దేశదేశాల నుంచి తెచ్చిన సామాను. మన దక్షిణాది నుంచి తెచ్చిన వాటికి విడిగా ఒక అల్మరా ఉంది. దాని ముందు నుంచి నేను చాలాసేపు కదల్లేకపోయాను.

క్లాసులో బ్రౌన్ దొర గురించి నువ్వెంత ఇష్టంగా చెప్తావో నాకు తెలుసు. ఆయన పుట్టింది 1798లో. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1746, 1747ల్లో, ఈ ఊళ్ళో తెలుగు లిపిలో పుస్తకాలు అచ్చయ్యాయి. మన భాషలో మొదటి అచ్చు పుస్తకాలు అవే. చేయించింది బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ. 1719లో తమిళ తీరంలోని తరంగంబాడి మిషన్‌కు వచ్చి, తర్వాత మద్రాసులో ఏళ్ళ తరబడి ఉండి, 1743లో వెనక్కి వెళ్ళిపోయాడు. 1728లోనే లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. అది అచ్చయింది మాత్రం 1984లో! రెండు వందల యాభై ఏళ్ళకు పైగా రాతప్రతిగానే ఉండిపోయిందన్నమాట.

ఇదంతా నీకు కొంత తెలిసే ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది వేరే. మిషనరీలు రాసుకున్న చరిత్రల్లో అంతా మిషనరీలే ఉంటారు. ఆయన వచ్చాడు, ఆయన నేర్చుకున్నాడు, ఆయన అనువదించాడు. మరి నేర్పించిందెవరు? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్న చరిత్రకారిణి హైకె లీబావ్. తరంగంబాడి మిషన్‌లో పనిచేసిన భారతీయుల మీద 2008లో జర్మన్‌లో పుస్తకం రాసింది, 2013లో ఇంగ్లీషులో వచ్చింది. పంతుళ్ళు, ఉపదేశకులు, దుబాసీలు, వీళ్ళే అందులో అసలు మనుషులు. చదువుతుంటే నా కడుపు నిండిపోయిందిరా.

అలెప్పా సంగతి చెప్పాలి. అసలు పేరు అళగప్పన్ అంటారు. పోర్చుగీసు, డేనిష్, జర్మన్ వచ్చిన తమిళుడు, మొదటి మిషనరీ జీగెన్‌బాల్గ్ దగ్గర దుబాసీ. 1712 నుంచి 1714 దాకా మిషనరీలు అడిగిన ప్రశ్నలకు అక్కడి తమిళులు రాసిన 99 ఉత్తరాలు జర్మన్‌లోకి మారి హాలేలో అచ్చయ్యాయి. వాటిలో చాలా భాగం అలెప్పావేనని పరిశోధకుల అభిప్రాయం. మీ దేవుళ్ళేమిటి, మీ ఆచారాలేమిటి, మా మతం గురించి ఏమనుకుంటున్నారు అని అడిగితే తడుముకోకుండా జవాబులు రాశారు. వాటిని 2013లో డేనియల్ జయరాజ్, రిచర్డ్ ఫాక్స్ యంగ్ మళ్ళీ ఇంగ్లీషులో తెచ్చారు. అదే జీగెన్‌బాల్గ్ 1713లో మన దేవతల వంశావళి మీద పుస్తకం రాసి పంపితే ఫ్రాంకె అచ్చు వేయనివ్వలేదు. విగ్రహారాధనను పెకలించమని పంపాం గానీ యూరప్‌లో ప్రచారం చేయమని కాదన్నాడు. చివరికి 1867లో మద్రాసులో అచ్చయింది.

2014లో జర్మన్ ఆర్కైవుల్లో 1706 మొదలు 1989 దాకా మన దేశానికి సంబంధించిన కాగితాలన్నిటినీ వెతికి జాబితా చేసే పెద్ద పని కూడా మొదలైంది. బెర్లిన్, గొట్టింగెన్ వాళ్ళు కలిసి చేపట్టారు. కాగితాలే కాదురా, బెర్లిన్ హుంబోల్ట్ యూనివర్సిటీలో గొంతులు కూడా ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పట్టుబడ్డ మన సిపాయిలను బెర్లిన్ దగ్గరి వూన్స్‌డోర్ఫ్ యుద్ధఖైదీల క్యాంపులో కూర్చోబెట్టి రికార్డు చేశారు. 1916 డిసెంబరు 11న మల్ సింగ్ అనే పంజాబీ తన కథే ఎవరో ఒక మనిషి కథలా చెప్పాడు. హిందుస్థాన్‌లో వెన్న తిన్న మనిషి, యుద్ధంలోకి వచ్చి పడ్డ మనిషి, ఇంటికి పోవాలనుకునే మనిషి. గొంతు రికార్డు చేసే ఆ యంత్రం కొమ్ము ముందు నిలబడినప్పుడు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో అని చాలా రోజులు ఆలోచించాను.

మళ్ళీ షుల్జ్ దగ్గరికి వస్తా. 1750లో హాలేలోనే ఆయన మద్రాసు పట్నం మీద ఇంగ్లీషు పుస్తకం వేశాడు. మొత్తం ముప్ఫై సంభాషణలు. ముందు రాసింది తెలుగులోనేనట. బేరాలు, వ్యాపారం, పూజారులు, జనం నడవడి, అన్నీ మాటల రూపంలో. నేను ఇంగ్లీషు చదువుతూ ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఈ మాట అప్పుడు తెలుగులో ఎలా అని ఉంటారా అని వెతుక్కుంటున్నా. నాకు అంతగా అందడం లేదు. నువ్వు నెల్లూరు వాడివి, పాత మద్రాసు తెలుగు మీ తాతగారి నోట విన్నవాడివి. నాలుగు సంభాషణలు విడిగా రాసి పంపుతా. పక్కన నీ తెలుగు రాసి పంపు, ఆ బేరం ఆడేవాడి దగ్గర మొదలుపెట్టు.

పిల్లలకు నా ముద్దులు. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ
రఘు