సెలవుల షాపింగ్: ఆర్డర్ పెట్టే ముందు చదవండి

అందరికీ నమస్కారం.

సెలవుల ఆఫర్లతో పాటే మోసాలూ మొదలయ్యాయి. "మీ పార్సిల్ ఆగిపోయింది, చిన్న ఫీజు కట్టండి" అని లింక్ వస్తే నొక్కకండి. నిజంగానే ఏదో ఆర్డర్ పెట్టి ఉంటాం కాబట్టి మనకు అనుమానం రాదు, నాకు భయం అక్కడే. కొన్న యాప్‌లోకే వెళ్లి చూసుకోండి.

కొత్త సైట్ అయితే అడ్రస్‌లో ప్రతి అక్షరం చూడండి. అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తు చూసి నమ్మకండి, అది దొంగ సైట్లకూ ఉంటుంది.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకు నుంచి అన్నా సరే.

డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించండి.

ఆదివారం సాయంత్రం 6 గంటలకు గ్రూప్ కాల్. అనుమానం ఉన్న మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు శనివారంలోగా ఇక్కడ పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లనూ తప్పకుండా కూర్చోబెట్టండి.