ఓవెన్‌లో పొగ గురించి, బ్యాగులో చీటీ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆదివారం సాయంత్రం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు తెలుసు. స్క్రీన్‌షాట్లు నాకూ వచ్చాయి, ఒక్కోటి నాలుగైదు సార్లు. ఆరో తరగతి పిల్లవాడి ఇంట్లో, బడి పనిగా పాలిమర్ క్లేతో చేసిన బతుకమ్మ ఫ్రిజ్ మాగ్నెట్లు ఓవెన్‌లో మాడి పొగ వచ్చింది. ఆ ఘాటుకు పక్క ఫ్లాటువాళ్లు కూడా మెట్ల మీదికి వచ్చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ "బడివాళ్లు పిల్లలకు విషపు మట్టి ఇచ్చారు" అన్న మాట సోమవారం పొద్దున నాకంటే ముందే గేటు దగ్గరికి చేరింది. అందుకే ఈ నెల ఉత్తరం దీని గురించే.

మిగతావి ఒక్క ముక్కలో: ఎస్‌ఏ-1 పరీక్షల టైంటేబుల్, దసరా సెలవుల తేదీలు డైరీలో అంటించాం, కాజీపేట రూటు బస్సు ఇకమీదట పది నిమిషాలు ముందే బయల్దేరుతుంది.

పాలిమర్ క్లే పేరుకే మట్టి. అందులో ఉన్నది పీవీసీ అనే ప్లాస్టిక్ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగు. కుమ్మరి మట్టిలా గాలికి ఆరదు. సరైన వేడి తగిలినప్పుడే పీవీసీ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది. ఆ వేడి కంపెనీని బట్టి చాలావరకు 110 నుంచి 135 డిగ్రీల మధ్య ఉంటుంది, ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. 175 దాటిందంటే పీవీసీ విడిపోవడం మొదలై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కళ్లు మండించేదీ, గొంతు పట్టేసేదీ అదే. ఆ ఇంట్లో ఓవెన్ 200 మీద ఉంది. మేం పంపిన చీటీలో 130 డిగ్రీలు, 30 నిమిషాలు అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. ఆ చీటీ సోమవారం లెక్కల నోట్సు కింద, వేసిన మడత వేసినట్టే దొరికింది. బ్యాగు జిప్పు రోజుకొకసారి తెరిచి చూడమని జూన్ నుంచి అడుగుతూనే ఉన్నాం. మీకు తీరిక ఉండదని తెలుసు, అయినా మళ్లీ అడుగుతున్నాం.

ఎప్పుడైనా అలా పొగ వస్తే ఓవెన్ తలుపు తెరవకండి. స్విచ్ ఆపి, కిటికీలు తీసి, పిల్లలతో సహా ఆ గదిలోంచి బయటికి రండి. చల్లారాక చూడొచ్చు.

మైక్రోవేవ్ మీటతో క్లే కాల్చకూడదు. ఒకే పెట్టెలో కన్వెక్షన్ (వేడి గాలితో కాల్చేది) కూడా ఉంటే ఆ మీట నొక్కి వాడుకోవచ్చు, కానీ ఏ మీట నొక్కారో రెండోసారి చూసుకోండి. ఓటీజీ (తీగలతో వేడెక్కే చిన్న ఓవెన్) అయితే దాని మీదున్న అంకెను నమ్మొద్దు. తీగలు ఎర్రబడినప్పుడు లోపలి వేడి ఆ అంకెను దాటిపోతుంది. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ దొరుకుతుంది, అది తెచ్చుకోండి. ముందు పదిహేను నిమిషాలు ఖాళీ ఓవెన్ వేడెక్కనివ్వాలి. బొమ్మల్ని సిరామిక్ టైల్ మీద, బేకింగ్ పేపర్ పరిచి పెట్టాలి. పేపర్ లేకపోతే టైల్‌కు తగిలిన చోట అద్దంలా మెరుస్తుంది. పైన అల్యూమినియం ఫాయిల్ గుడారంలా కప్పితే తీగల సెగ నేరుగా తగలక తెల్ల రంగు గోధుమ రంగులోకి తిరగదు. ఓవెన్‌లోంచి తీసినప్పుడు బొమ్మ ఇంకా మెత్తగానే ఉంటుంది. చాలామంది అక్కడే తొందరపడి, కాలలేదనుకుని వేడి పెంచేస్తారు. గట్టిదనం చల్లారాకే తెలుస్తుంది. సరిగా కాలిన పలుచని ముక్క కాస్త వంగుతుంది, తక్కువ కాలింది బిస్కెట్‌లా విరుగుతుంది.

బొమ్మ మందం ఐదు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. క్లేకు అటూ ఇటూ రెండేసి ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి, వాటి మీదుగా గాజు సీసా దొర్లిస్తే మందం అంతటా సమానంగా వస్తుంది. చపాతీ కర్ర వద్దు, అది మళ్లీ పిండిలోకే పోతుంది. 57 గ్రాముల ముక్కతో నాలుగు సెంటీమీటర్ల వెడల్పు బిళ్లలు ఐదు వస్తాయి. ఐదు నిమిషాలు పిసికాకే మొదలుపెట్టాలి, లేకపోతే అంచులు పగులుతాయి. తెల్ల క్లే ముందు, ఎరుపు అన్నిటికంటే చివర. ఎరుపు ముట్టుకున్న వేళ్లతో గునుగు పువ్వు చేస్తే అది గునుగులా ఉండదు. లోపల గాలి బుడగ ఉంటే సూదితో గుచ్చి తీసేయాలి, వదిలేస్తే ఓవెన్‌లో ఉబ్బుతుంది.

అయస్కాంతాన్ని క్లేలో పెట్టి కాల్చినవాళ్లే "మాగ్నెట్ నాసిరకం, జారిపోతోంది" అని ఫిర్యాదు చేశారు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది, 130లో అరగంట ఉంచితే ఏం మిగులుతుంది? దాన్ని పచ్చి క్లే వెనక నొక్కి గుంట చేసి, బయటికి తీసేసి, బొమ్మను ఒంటరిగా కాల్చాలి. చల్లారాక గుంటను గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, రెండు ట్యూబుల ఎపాక్సీ గమ్ముతో అంటించి ఒక రోజు ముట్టుకోకుండా ఉంచాలి. చుక్క వేస్తే క్షణంలో పట్టే గమ్ము పెళుసుది. ఫ్రిజ్ తలుపు నాలుగుసార్లు గట్టిగా వేస్తే అయస్కాంతం తలుపుకే ఉంటుంది, బతుకమ్మ కింద పడుతుంది. మెరుపు కోసం నెయిల్ పాలిష్ పూశారు కొందరు. అది ఆరినట్టే ఉండి కొన్నాళ్లకు జిగటగా మారుతుంది. నీళ్లలో కలిసే వార్నిష్ చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. విడి అయస్కాంతాలు ఇంట్లో చిన్నపిల్లలకు అందకూడదు. రెండు మింగితే పేగు గోడలకు అటొకటి ఇటొకటి అతుక్కుని గోడను నొక్కేస్తాయి, చిల్లు పడుతుంది. ఒక్కటి మింగిందేమో అని అనుమానం వచ్చినా "పొద్దున చూద్దాం" అనొద్దు, అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. ఐదో తరగతి లోపు పిల్లలకు ఇక నుంచి అంటించుకునే రబ్బరు మాగ్నెట్ షీటు మాత్రమే ఇస్తాం.

ఇంత జాగ్రత్త చెప్పాల్సి వచ్చినా ఈ పని ఆపను. ఎందుకో మా పిల్లలు చేసినవి చూస్తే మీకే తెలుస్తుంది. ఏడో తరగతి అమ్మాయి తెలుపు, గులాబీ క్లేలు పలుచగా కలిపి, అంచును కత్తెరతో సన్నగా చీల్చి, చుట్టి గునుగు చేసింది. ఎనిమిదో తరగతి అబ్బాయి కాకతీయ కళాతోరణం స్తంభాల్లో సన్న తీగ పెట్టాడు, అందుకే విరగలేదు. తోరణానికి నడుమ ఖాళీయే కాబట్టి ఒక్క అయస్కాంతం పెడితే పక్కకు తిరుగుతోందని తనే కనిపెట్టి ఒక్కో స్తంభం తలకు ఒకటి పెట్టాడు! ఇక ఆరో తరగతి అమ్మాయి చేసిన సర్వపిండి. నలిపిన ఫాయిల్ అద్ది గరుకు తెప్పించి, వేలితో బొక్కలు పొడిచి, గోధుమ రంగు చాక్ పాస్టెల్ గీకిన పొడి కుంచెతో అంచులకు రాసి కాల్చింది. నువ్వులు కూడా ఒక్కొక్కటీ అద్దింది. ఇద్దరు టీచర్లు నిజంగానే చేయి చాపారు.

చుట్టూ ఇన్ని రూపాలుండగా ఫ్రిజ్ మీద పరాయి కార్టూన్ మొహాలెందుకు? వేయి స్తంభాల గుడి మన బస్సు దారిలో ఉంది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చేర్యాల మాస్కులు చింతగింజల పేస్టు, రంపపు పొట్టుతో చేస్తారు. పెంబర్తి ఇత్తడి పని జనగామ పక్కనే. పిల్లవాడు తంగేడు పువ్వు చేయాలంటే ముందు దాన్ని చేతిలోకి తీసుకుని రేకులు లెక్కపెట్టాలి, ఫోన్‌లో ఫొటో చూసి కాదు. తొమ్మిది రోజులు బతుకమ్మ పేర్చే ఊళ్లో పెరుగుతూ తంగేడుకు ఎన్ని రేకులో తెలియని పిల్లవాణ్ని నేను ఒప్పుకోలేను.

కొన్ని మాగ్నెట్లు మరీ నున్నగా వచ్చాయి. పిల్లలు చేసిన క్లే మీద బొటనవేలి ముద్ర తప్పకుండా ఉంటుంది. వీటి మీద లేదు. అమ్మగారి పనితనానికి మా అభినందనలు. మార్కులు మాత్రం అమ్మగారికి వేయలేం. బజారులో కొన్నవి ధర చీటీతో సహా వచ్చాయి, వాటిని తిప్పి పంపాం.

ఓవెన్ దగ్గర పెద్దవాళ్లు నిలబడండి, బల్ల దగ్గర పిల్లల్ని వదిలేయండి. మిగిలిన క్లేను టిఫిన్ డబ్బాలో పంపకండి. పచ్చి క్లే తగిలిన డబ్బాలో అన్నం పెట్టకూడదు. పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ మీద పెట్టి వదిలేస్తే దాన్నీ మెత్తబరుస్తుంది, పిల్లల స్కేళ్లు చూడండి. బేకింగ్ పేపర్‌లో చుట్టి, ఎండ తగలని చోట ఉంచండి.

వచ్చే శనివారం పది గంటలకు సైన్స్ ల్యాబ్‌లో ఓటీజీ, థర్మామీటర్ పెట్టి మొత్తం చేసి చూపిస్తాం. వచ్చేవాళ్లు చీటీ వెనక సంతకం చేసి పంపండి. చీటీ బ్యాగు ముందు జేబులో ఉంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు