మొన్సరాజ్ దగ్గర దారి చూపించిన పెద్దాయనకు

పోర్చుగల్‌లో అల్కేవా రిజర్వాయర్ పక్కన, మొన్సరాజ్ కోట కింద మమ్మల్ని ఆదుకున్న పెద్దాయనకు ఎన్ని థాంక్స్‌లు చెప్పినా తక్కువే. 2002లో డ్యామ్ గేట్లు మూశాక అక్కడ పాత లూజ్ ఊరే మునిగిపోయింది, నిండితే 250 చదరపు కిలోమీటర్ల నీళ్లు, అందుకే కొన్ని పాత దారులు నేరుగా నీళ్లలోకి దిగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ, చుట్టూ ఎండిన గడ్డి, నీడంటే అక్కడక్కడా ఓక్ చెట్లూ ఆలివ్ చెట్లే. అమ్మకు కళ్లు తిరుగుతుంటే ఆయన గొర్రెల్ని కుక్కకు వదిలేసి పరిగెత్తుకొచ్చారు, కార్క్ బెరడుతో చేసిన గిన్నెలో నీళ్లు పోసి కొంచెం కొంచెంగా తాగించారు, నీడ ఉన్న వైపు నుంచే మమ్మల్ని రోడ్డు దాకా దిగబెట్టారు. ఒకరి భాష ఒకరికి రాదు. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేశారు. మీరు చల్లగా ఉండాలి పెద్దాయనా.