ఉప్పు వర్తకుడి ఉత్తరం

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లలు ఫోను వదలడం లేదని పెద్దలు రాసే ఉత్తరాలు ఈ శీర్షికలో చూస్తుంటాను. మా ఇంట్లో శనివారం సాయంత్రం ఐదుగురు పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి మూడు గంటలు కూర్చుంటారు. ఆ ఆట గురించి, అందులో నాకు దొరికిన పని గురించి చెబుదామని ఇది రాస్తున్నాను.

రాజంపేట దగ్గర ఒక పల్లెలో 31 ఏళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి, ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గరుంటున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా మనవడు స్నేహితుల చేత 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడిస్తాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. తలపెట్టిన పని అవుతుందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. ఒకే కథ నెలల తరబడి సాగుతుంది.

ఒకరోజు వాడొచ్చి, "తాతా, మా కథలో ఉప్పు వర్తకుణ్ణి ఎవరో చంపేశారు. అతను రాసిన చివరి ఉత్తరం కావాలి, రాసిస్తావా?" అన్నాడు. హుషారుగా రెండు పేజీలు రాశాను. తనకు ఎవరివల్ల ప్రాణభయమో, సొమ్ము ఎక్కడ దాచాడో అంతా పెట్టేశాను. చదివి వాడి ముఖం చిన్నబోయింది. "అన్నీ నువ్వే చెప్పేస్తే వాళ్లు కనుక్కునేదేముంది తాతా?"

ఆ రాత్రి మా ఊరి పోస్టాఫీసు అరుగు గుర్తొచ్చింది. కువైట్ వెళ్లిన కొడుకులకు తల్లులు చెబుతుంటే నేను రాసేవాణ్ణి. ఒకామె, "నాకు బాగలేదని మాత్రం రాయొద్దు సామీ, బిడ్డ ఆడ దిగులు పడతాడు" అనేది. వైద్యానికి ఆవును అమ్మిన సంగతీ రాయొద్దంది. రాయలేదు. కానీ ప్రతి ఉత్తరంలో ఆవు ముచ్చట చెప్పే మనిషి ఆ నెల దాని ఊసే ఎత్తలేదు. "ఆవు ఏమైంది?" అని కొడుకు తిరుగు టపాలో అడిగాడు.

మర్నాడు వర్తకుడు భార్యకు రాసినట్టుగా రెండు ఉత్తరాలు రాశాను, పాతదొకటి, చివరిదొకటి. రెండూ 'చి.ల.సౌ.' తోనే మొదలు. రెండింట్లోనూ ఉప్పు ధర, చిన్నవాడి దగ్గు, గాడిద కాలి పుండు. పాతదాంట్లో "అన్నయ్యను అడిగానని చెప్పు" అని ఉంది. చివరిదాంట్లో అన్న ఊసు లేదు. కాగితాలు టీ డికాషన్‌లో ముంచి దండెం మీద ఆరేశాను.

శనివారం ఆ రెండు కాగితాల మీద నాలుగు తలలు వంగిపోయాయి. వైద్యురాలి పాత్ర వేసే అమ్మాయి రెండింటినీ పక్కపక్కన పెట్టి, వేలితో వరుసవరుసా చదువుకుంటూ వచ్చి ఆగింది. "ఇందులో అన్న ఏడీ?" అంది. అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

ఇప్పుడు పిల్లలు కూడా తమ పాత్రల పేరున జాబులు రాస్తున్నారు. దొంగ పాత్ర వేసే కుర్రాడు తల్లికి ఎలా మొదలుపెట్టాలని అడిగాడు. "మహాలక్ష్మీ సమానురాలైన అమ్మగారికి నమస్కరించి వ్రాయునది" అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "దొంగ అట్లా రాయడు తాతా" అన్నాడు. వాడు రాసింది ఇంతే: "అమ్మా, బాగున్నా. డబ్బు పంపుతున్నా. ఎక్కడిదని అడగొద్దు." వాడిదే సరైనది.

1960ల్లోనే అమెరికాలో 'డిప్లమసీ' అనే ఆటను టపాలో ఆడేవారని మనవడు చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఏడు యూరపు రాజ్యాల తరఫున ఒకరికొకరు ఉత్తరాలు రాసి పొత్తులు కలుపుకునేవారట. టపా సంచులు మోయించినవాణ్ణి, ఆ మాట విని ఎంత సంతోషపడ్డానో!

తెలుగు ఉపాధ్యాయులకు నా మనవి ఒకటి. లేఖారచన అంటే సెలవు చీటీ, విహారయాత్ర గురించి మిత్రుడికి లేఖ, ఇవే ఏళ్ల తరబడి గైడుల్లోంచి బట్టీ పట్టిస్తున్నాం. ఒక్కసారి పిల్లవాడికి ఒక పాత్ర ఇవ్వండి, ఎవరికి రాస్తున్నాడో చెప్పండి, దాచాల్సిన సంగతి ఒకటి చేతిలో పెట్టండి. రాయడం ఆపమన్నా ఆపరు.

ఈ శనివారానికి ఆ అన్న చెరసాల నుంచి మరదలికి రాసే ఉత్తరం కావాలట. నాలుగు రోజులుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. ఆమెను ఇక 'చి.ల.సౌ.' అని అతను రాయలేడు. మరి ఏమని మొదలుపెడతాడో నాకింకా తోచలేదు.

ఇట్లు
విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
కూకట్‌పల్లి, హైదరాబాదు